పదహారో వీధిలో పావుగంట

మా చిన్నప్పుడు ఇంట్లో పుస్తకాలకి అట్టలు వేసేది ‘సోవియట్ భూమి’ పత్రిక కాగితాలతోనే. నున్నగా, మందంగా, రంగురంగుల బొమ్మలతో ఉండేవి. లెక్కల నోటు మీద ట్రాక్టరు, సాంఘిక శాస్త్రం మీద గోధుమ చేలు, తెలుగు వాచకం మీద తలకి గుడ్డ కట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. తెనాలిలో మా క్లాసులో సగం మంది పుస్తకాలు అలాగే మెరిసేవి. నాన్న హైస్కూలు మాస్టారు. కమ్యూనిస్టు పార్టీ కార్డు ఉండేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు కానీ, నెలకోసారి రైలెక్కి విజయవాడ వెళ్ళి, ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర పుస్తకాల షాపులో ఓ గంట గడపకపోతే ఆయనకి ఆ నెల గడిచినట్టుండేది కాదు. తిరిగొచ్చేటప్పుడు సంచీలో రెండు మూడు మాస్కో పుస్తకాలు. గట్టి అట్ట, గుడ్డ వెన్ను, మంచి కాగితం, ధర చూస్తే రెండు రూపాయలు, మూడు రూపాయలు.

అలా పెరిగినవాడికి సోవియట్ దేశం ఎలా కనబడుతుందో వేరే చెప్పాలా? మంచు, టీ కాచుకునే సమోవార్, తాతలు, నక్కలు, రాకెట్లు. అక్కడ అందరికీ చదువు, అందరికీ ఉద్యోగం. ఆ దేశం వదిలి పోవాలని ఎవరికైనా అనిపిస్తుందని నాకు తోచనేలేదు. అక్కడికి పోవాలనే అనుకునేవాణ్ణి నేను. చివరికి పోయింది అమెరికాకి. ఆ సంగతి నాన్న కొన్నాళ్ళ దాకా బంధువులకి కాస్త మెల్లిగానే చెప్పారు.

1985 ఆగస్టులో మేరీలాండ్‌లో దిగాను. యూనివర్సిటీకి బస్సులో వెళ్ళొచ్చేంత దూరంలో, సిల్వర్ స్ప్రింగ్‌లో ఓ పెద్దావిడ ఇంటి బేస్‌మెంట్‌లో గది అద్దెకి దొరికింది. యూదురాలు. భర్త పోయారు, పిల్లలు దూరంగా ఉన్నారు. లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు. నేను ‘ఆంటీ’ అనబోతే వద్దన్నారు, పేరుతో పిలవమన్నారు. మా అమ్మకంటే పదేళ్ళు పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఏ పిలుపూ లేకుండానే, ముందు ఓసారి గొంతు సవరించుకుని, రెండేళ్ళు నెట్టుకొచ్చాను.

ఆవిడ కుడిచేతికి ఓ సన్నటి స్టీలు కడియం ఉండేది. మొక్కు కంకణం లాంటిదేదో అనుకున్నా. ఓ రోజు వంటగదిలో గిన్నెలు తుడుస్తుంటే దాని మీద అక్షరాలు కనిపించాయి. అనతోలీ ష్చరాన్‌స్కీ. “మీ వారి పేరా?” అని అడిగాను. ఆవిడ పడీ పడీ నవ్వారు. “అతన్ని నేను ఎప్పుడూ చూడలేదు, చూస్తానో లేదో తెలీదు. బయటికొచ్చిన రోజున తీసేస్తాను” అన్నారు.

ఆ సాయంత్రం టీ పెట్టుకుని చెప్పుకొచ్చారు. మాస్కోలో లెక్కలూ కంప్యూటర్లూ చదివిన యూదు కుర్రాడు, చదరంగంలో దిట్ట. ఇజ్రాయెల్ వెళ్ళిపోతానని 1973లో అర్జీ పెట్టుకున్నాడు. కుదరదన్నారు. పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి అవితాల్‌కి మాత్రం వీసా ఇచ్చారు, దానికి గడువు పెట్టారు. 1974 జులై 4న పెళ్ళి, మర్నాడే ఆ అమ్మాయి ప్రయాణం. కొన్ని నెలల్లో నీ వెనకే వచ్చేస్తానన్నాడు. 1977 మార్చిలో అరెస్టు చేశారు. అమెరికాకి గూఢచర్యం చేశాడని నేరం. మరుసటేడు 13 ఏళ్ళ శిక్ష. ఆవిడ నాకు ఈ కథ చెబుతున్ననాటికి ఆ కొత్త పెళ్ళికూతురు ఒక్కతే దేశాలు తిరుగుతూ కనబడ్డ ప్రతి ప్రధానినీ, ప్రెసిడెంటునీ అడుగుతూ 11 ఏళ్ళు గడిచాయి.

నేను నమ్మలేదు. నిజం చెప్పాలంటే కోపం కూడా వచ్చింది. నా లెక్కల నోటు అట్ట మీది దేశాన్ని ఎవరో తిట్టినట్టనిపించింది. ‘అమెరికా వాళ్ళు రష్యాని ఆడిపోసుకోక ఏం చేస్తారులే’ అనుకుంటూ కిందికి దిగి పడుకున్నాను.

కానీ ఆవిడ తిట్టే మనిషి కాదు. కాగితాల మనిషి. లైబ్రరీ బుద్ధి. లెనిన్‌గ్రాడ్‌లో, దేశం వదిలి పోనివ్వని ఓ యూదు ఇంజనీరు కుటుంబాన్ని ఆవిడ ‘దత్తత’ తీసుకున్నారు. అప్పట్లో అమెరికాలో యూదు సంఘాలు అలా ఒక్కో కుటుంబాన్ని ఒక్కొక్కరికి అప్పజెప్పేవి. ఉత్తరాలు రాయడం, వీలైతే ఫోన్ చేయడం, వాళ్ళ పేరు ఎక్కడా మరుగున పడకుండా చూడడం పని. ఆ కుటుంబం గురించి ఓ ఫైలు పెట్టుకున్నారు. ఏ ఏడాది ఏ కాగితం ఇచ్చారు, ఏ ఆఫీసు ఏ కారణం చెప్పి తిప్పి పంపింది, అన్నీ తేదీల వారీగా. నాకు వాదనలకంటే ఫైళ్ళంటే నమ్మకం ఎక్కువ. ఓ శనివారం చూడనిస్తారా అని అడిగాను. అది వాళ్ళ విశ్రాంతి దినం. ఆ రోజు ఆవిడ పని చేయరు, వ్రాయరు కానీ, చదువుకోవచ్చన్నారు.

ఆ దేశం వదిలి పోవడానికి పద్ధతి ఇది. ముందు ఇజ్రాయెల్‌లో ఉన్న బంధువు నుంచి పిలుపు కాగితం రావాలి. పోస్టులో వస్తే వచ్చినట్టు, మాయమైతే అయినట్టు. పని చేసే చోటు నుంచి ఓ సర్టిఫికెట్ తేవాలి. అది అడిగిన మరుక్షణం మీరు పోదామనుకుంటున్న సంగతి ఆఫీసంతటికీ తెలిసిపోతుంది, మీటింగు పెట్టి ద్రోహి అంటారు. తల్లిదండ్రుల దగ్గర అభ్యంతరం లేదని రాయించుకురావాలి, మీకు యాభై ఏళ్ళున్నా సరే. ఇవన్నీ ఓవీర్ అనే వీసాల ఆఫీసులో ఇచ్చి నెలల తరబడి కూర్చోవాలి. చివరికి నోటిమాటగా ‘కుదరదు’ అంటారు. ఎక్కువగా చెప్పే కారణం మీకు ప్రభుత్వ రహస్యాలు తెలుసని. ఆ ఇంజనీరు పదేళ్ళ కిందట ఏదో ఫ్యాక్టరీలో చేశాడట, అదే రహస్యం. ఈలోగా ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగం లేకపోతే పనీపాటా లేని సోమరి అని ఇంకో నేరం. అందుకని పెద్ద చదువులు చదివినవాళ్ళు రాత్రిపూట బాయిలర్ గదుల్లో బొగ్గు వేసే పనికో, లిఫ్టు దగ్గర కూర్చునే పనికో కుదిరేవాళ్ళు. ఇలా కాదనిపించుకున్నవాళ్ళకి రష్యన్‌లో ఓ పేరే వచ్చింది, ‘ఒత్కాజ్నిక్’ అని.

పొమ్మనలేక పొగబెట్టడం మనకి తెలిసిందే. ఉమ్మడి కుటుంబాల్లో చూడనివాళ్ళెవరు? పొగా పెట్టి, బయట గొళ్ళెం కూడా పెట్టడం మాత్రం నేను ఆ ఫైల్లోనే చూశాను. వాళ్ళ పాస్‌పోర్టులో, అంటే దేశం లోపల తిరగడానికి ఇచ్చే పాస్‌పోర్టులో, అయిదో గడిలో ‘యూదు’ అని జాతి రాసి ఉండేది. ఫలానా కాలేజీలో సీటు రాకపోవడానికీ, ఫలానా పోస్టు దక్కకపోవడానికీ ఆ గడి చాలు. హీబ్రూ నేర్పితే జైలు. ‘మీరు మావాళ్ళు కాదు’ అని రోజుకోసారి గుర్తు చేస్తారు, ‘సరే పోతాం’ అంటే ‘ఎలా పోతారు’ అంటారు.

ఇవన్నీ నాన్నకి ఏరోగ్రామ్‌లో రాశాను. ఆ నీలం కాగితంలో మూడు మడతలూ నింపేసి, జిగురు అంచుల మీద కూడా రాశాను. నాన్న జవాబు మూడు వారాలకి వచ్చింది. తన చేతిరాత చాలా చక్కగా ఉంటుంది, కోపమొచ్చినప్పుడు మరీ చక్కగా ఉంటుంది. ఈసారి ముత్యాల్లా ఉంది.

ఆయన రెండు మాటలు రాశారు. ఒకటి, ఆ పెద్దావిడ పాలస్తీనా వాళ్ళ గురించి ఏమైనా చెప్పిందా అని. రెండోది, ఆ ఇంజనీరుని ఇంజనీరుని చేసింది ఎవరు అని. ‘పైసా తీసుకోకుండా చదివించిన దేశానికి అంత మాత్రం అడిగే హక్కు ఉండదా? రేపు అందరూ డిగ్రీ చేతపట్టుకుని పోతామంటే ఎలా?’

సోవియట్ ప్రభుత్వం సరిగ్గా ఈ మాటే చెప్పిందని ఆవిడ ఫైళ్ళలోనే తెలిసింది. 1972 ఆగస్టులో ఓ ఉత్తర్వు తెచ్చారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు దేశం వదలాలంటే ఆ చదువు ఖర్చు కట్టి పోవాలి. ఎంత? చాలామందికి ఎన్నో ఏళ్ళ జీతమంత. ‘డిప్లొమా పన్ను’ అన్నారు దాన్ని. బానిసని విడిపించడానికి వెల కట్టినట్టుందని అమెరికాలో గోల లేచింది. వాషింగ్టన్ రాష్ట్రం సెనేటర్ హెన్రీ జాక్సన్, ఒహాయో నుంచి చార్లెస్ వానిక్ కలిసి వాణిజ్య చట్టానికి ఓ సవరణ తెచ్చారు. ప్రజల్ని బయటికి పోనివ్వని కమ్యూనిస్టు దేశానికి వ్యాపారంలో మామూలు రాయితీలు ఇవ్వకూడదని. 1975 జనవరి 3న ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకం పెట్టాడు. పన్ను అప్పటికే వసూలు చేయడం మానేశారు. అయితే చట్టం వచ్చాక తలుపు తెరుచుకుందా అంటే, ముందు ఇంకా మూసుకుంది. 1973లో 34 వేల మందికి పైగా వెళితే 1975లో 13 వేలు. మళ్ళీ 1979లో 51 వేలు. అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం దిగాక సంబంధాలు చెడి, నేను అమెరికా చేరేనాటికి ఏడాదికి వెయ్యి మందికి అటూ ఇటూగా పడిపోయింది. ఆ చట్టం మేలు చేసిందా కీడు చేసిందా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నా లెక్కలో అది కుళాయిని తిప్పలేదు గానీ, కుళాయి ఉందన్న సంగతి మాత్రం ఎవరినీ మర్చిపోనివ్వలేదు.

నాన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే అది వాళ్ళని అడిగిన ప్రశ్న కాదు. నేను వరంగల్ ఆర్.ఈ.సి.లో, అంటే రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాను. ఫీజు ఎంతో ఇప్పుడు గుర్తు కూడా లేదు, అంత తక్కువ. హాస్టల్ మెస్సు బిల్లే దానికంటే ఎక్కువ. దాదాపు అయిదేళ్ళు ప్రభుత్వ ఖర్చుతో చదువుకుని, డిగ్రీ వచ్చిన మూడో నెలలో మద్రాసు మౌంట్ రోడ్డులో జెమినీ ఫ్లైఓవర్ పక్కన తెల్లారుజామున మూడింటికి వీసా క్యూలో నిలబడ్డాను. ఆ క్యూలో నాకున్న టెన్షనంతా ఒక్కటే, వాళ్ళు రానిస్తారా లేదా అని. మనవాళ్ళు పోనిస్తారా అన్న ఆలోచన బుర్రలోకే రాలేదు. ఏ ఆఫీసూ నన్ను పిలిచి ‘నీ చదువుకి ఇంతయింది, కట్టి పో’ అనలేదు. మా ప్రిన్సిపాల్ దగ్గర సర్టిఫికెట్ తీసుకోడానికి వెళితే భుజం తట్టి పంపాడు.

ఇది నాన్నకి రాయాలని నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఆయన జీవితమంతా ప్రభుత్వ పాఠశాలలో పాఠం చెప్పారు. ‘మీ కొడుకు కూడా బాకీ ఎగ్గొట్టినవాడే’ అని ఆయనకి ఎలా రాయను?

పాలస్తీనా మాట ఆవిడని అడిగాను. అడగకుండా ఉంటే నాన్నకి అన్యాయం చేసినట్టవుతుందనిపించింది. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. బల్ల మీద రొట్టె పొడి వేలితో పోగు చేస్తూ చాలాసేపు కూర్చున్నారు. “అక్కడ తప్పులు లేవని నేను అనను. కానీ తలుపు తీయమని అడగడం వేరు, తలుపు దాటాక ఎక్కడికి పోతావని అడగడం వేరు. నేను మొదటిదే అడుగుతున్నాను” అన్నారు. ఆ సంగతి మీద వాళ్ళలో వాళ్ళకే పెద్ద గొడవ ఉండేదట. దారిలో మజిలీ వియన్నా దాకా వచ్చి, ఇజ్రాయెల్ విమానం ఎక్కకుండా అమెరికా దారి పట్టేవాళ్ళు ఎక్కువైపోయారని ఇజ్రాయెల్ నాయకులకి కోపం. ఎటు పోవాలో వాళ్ళ ఇష్టమని అమెరికాలో చాలామంది వాదన. ఆవిడ రెండో పక్షం. నాన్నకి సరిజోడు మనిషే అనిపించింది, ఎదురెదురుగా కూర్చోబెడితే తెల్లవార్లూ వాదించుకునేవాళ్ళు.

ఇక పదహారో వీధి. వాషింగ్టన్‌లో అప్పటి సోవియట్ ఎంబసీ ఆ వీధిలో ఉండేది, వైట్ హౌస్‌కి నాలుగడుగుల దూరంలో. దానికి ఎదురుగా రోడ్డుకి ఇవతల ప్రతిరోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి కొంతమంది వచ్చి పావుగంట నిలబడేవాళ్ళు. 1970 డిసెంబర్ 10న మొదలుపెట్టారు. ఎండా వానా మంచూ, ఏదైనా సరే. ఒక్కోరోజు ఒక్కో గుడి వాళ్ళ వంతు, ఒక్కో సంఘం వంతు. నెలకోసారి ఆవిడ వంతు వచ్చేది. మోకాళ్ళ నొప్పి, మెట్రో దిగి నడవాలి, నిలబడలేరు. అల్యూమినియం చట్రానికి పచ్చా తెలుపూ ప్లాస్టిక్ నవారు అల్లిన మడత కుర్చీ ఒకటి ఉండేది. దాన్ని మోసుకురావడానికి మనిషి కావాలి. అద్దెలో పది డాలర్లు తగ్గిస్తానన్నారు. ఉద్యమంలోకి నా ప్రవేశం అలా జరిగింది. ఇంతకంటే గొప్పగా చెప్పుకోడానికి ఏమీ లేదు.

మొదటిరోజు నాకు నిరాశే. గొడవ ఉంటుందనుకున్నా. పదిమంది లోపే ఉన్నారు. ఎవరో కాగితం తీసి చదివారు, ఓ చిన్న ప్రార్థన చేశారు, తర్వాత ఊరికే నిలబడ్డారు. ఎంబసీ కిటికీల్లో కర్టెన్లు. ఆఫీసుల వాళ్ళు శాండ్‌విచ్‌లు తింటూ మా పక్కనుంచే పోతున్నారు. ఎంబసీకి 500 అడుగుల లోపల ఆ దేశాన్ని విమర్శించే అట్టలు పట్టుకోకూడదని అప్పట్లో ఆ నగరంలో చట్టం. (1988లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.) ఆ చట్టం దాటి ముందుకి వెళ్ళి కావాలనే అరెస్టయిన రబ్బీలు, అంటే యూదు మతగురువులు కూడా ఉన్నారని చెప్పారు. నేను మాత్రం కుర్చీ వెనక, చెట్టు చాటున నిలబడ్డాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాణ్ణి, ఫొటోలో పడితే ఏమవుతుందో అని భయం. ఎవరి వీసా గురించి వచ్చామో, అక్కడ నా వీసా గురించి భయపడుతూ నిలబడడం నాకే నవ్వొచ్చింది.

“ఇలా నిలబడితే వాళ్ళకేం పట్టింది?” అని తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో అడిగాను. ఆవిడ నా వైపు కాస్త జాలిగా చూశారు. “లోపలివాళ్ళకి టైము చెబుతున్నాం. రోజూ పన్నెండున్నరకి” అన్నారు.

1986 ఫిబ్రవరి 11. ఆ సాయంత్రం నేను క్లాసు నుంచి వచ్చేసరికి ఇంట్లో టీవీ గట్టిగా పెట్టి ఉంది. బెర్లిన్‌లో, తూర్పు పశ్చిమాల సరిహద్దు మీది గ్లీనికె వంతెన. మంచు. పొట్టివాడొకడు, నెత్తిన పెద్ద బొచ్చు టోపీ, వంతెన దాటి వస్తున్నాడు. అదే ష్చరాన్‌స్కీ. గూఢచారుల్ని ఇచ్చిపుచ్చుకోవడంలో భాగంగా వదిలిపెట్టారు. ఆ తర్వాత వచ్చిన కథలు ఆవిడ నాకు పురాణం చెప్పినట్టు చెప్పేవారు. తూర్పు జర్మనీలో విమానం దిగగానే ‘ఆ కారు దాకా తిన్నగా నడువు, పక్కకి తిరక్కు’ అన్నారట సోవియట్ రహస్య పోలీసులు, కేజీబీ వాళ్ళు. అతను ఓసారి అటు, ఓసారి ఇటు, వంకర్లు కొడుతూ నడిచాడట. అంతకుముందు విమానం ఎక్కేటప్పుడు, భార్య పంపిన చిన్న కీర్తనల పుస్తకం చేతికివ్వకపోతే కదలనని మంచులో పడుకున్నాడట. జైల్లో శిక్ష గదిలోనే 400 రోజులకి పైగా గడిపాడు. ఆ చీకట్లో మనసులోనే చదరంగం ఆడుకునేవాడట, రెండు వైపులా తనే.

ఆ రాత్రి ఆవిడ కడియం తీసేయడానికి ప్రయత్నించారు. ఎన్నో ఏళ్ళుగా ఉంది, వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి. సబ్బు నురగ రాసి నేను లాగితే వచ్చింది. చేతి మీద తెల్లటి గీత మిగిలింది. మర్నాడు చూస్తే అదే చేతికి ఇంకో కడియం. ఇదా నూదెల్ పేరు. మాస్కోలో ఉంటూ, జైలుపాలైన వాళ్ళందరికీ ఉత్తరాలు రాసి, పొట్లాలు పంపి, తనూ బాల్కనీలో వీసా కోసం బ్యానర్ కట్టినందుకు నాలుగేళ్ళు సైబీరియాకి పోయిన మనిషి.

ఆ ఏప్రిల్‌లో వాళ్ళ పాస్ఓవర్ పండగ భోజనానికి నన్ను పైకి పిలిచారు. మొజెస్ తన జనాన్ని ఈజిప్టు నుంచి విడిపించిన కథ చదువుతూ తింటారు. నాకు ఆ కథ కొత్త కాదు, తెనాలిలో చిన్న తరగతులు మిషన్ స్కూల్లోనే. “నా జనమును పోనిమ్ము” అని మా టీచరమ్మ గొంతు పెంచి చదివేది. పులియని రొట్టె అప్పడమూ కాదు, పుల్కా కాదు, మధ్యలో ఆగిపోయినట్టుంది. బల్ల దగ్గర ఓ కుర్చీ ఖాళీగా ఉంచారు. ముందు కంచం, గ్లాసు. ఎవరైనా రావాలేమో అనుకుని నేను తినకుండా కూర్చున్నా. అది రాలేనివాళ్ళ కుర్చీ అట, రష్యాలో ఉండిపోయినవాళ్ళది. మా ఇంట్లో తద్దినం రోజున వెళ్ళిపోయినవాళ్ళకి విస్తరి వేస్తాం. ఇక్కడ బతికున్నవాళ్ళకి వేశారు. ఆ మాట పైకి అనలేదు, బాగుండదని.

1987 డిసెంబర్ 6 ఆదివారం. మర్నాడు గోర్బచెవ్ వాషింగ్టన్ వస్తున్నాడు, రీగన్‌తో క్షిపణుల ఒప్పందానికి. ఆయన దిగకముందే నగరం నిండా జనం ఉండాలని యూదు సంఘాల పిలుపు. ముక్కు చివర స్పర్శ పోయేంత చలి. మెట్రో మన సంక్రాంతి రైళ్ళలా ఉంది. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో బస్సులు, రైళ్ళు, విమానాలు. రెండు లక్షల మంది అన్నారు మర్నాటి పేపర్లలో. నాకు లెక్క తెలియదు, మడత కుర్చీ తెరవడానికి జాగా దొరకలేదు, అంతవరకూ చెప్పగలను. ఉపాధ్యక్షుడు బుష్ మాట్లాడాడు. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ రచయిత ఎలీ వీజల్ మాట్లాడాడు. వంతెన మీద చూసిన పొట్టివాడు, ఇప్పుడు నతాన్ ష్చరాన్‌స్కీ, చీమంత దూరంలో వేదిక మీద. ఆ అక్టోబర్లోనే వీసా దక్కిన ఇదా నూదెల్ కూడా వచ్చింది. అంటే రెండో కడియం కూడా అప్పటికే తీసేశాం, ఈసారి వంటనూనెతో.

ఆ రోజు మాత్రం నేను చెట్టు చాటుకి పోలేదు. చెట్లూ లేవనుకోండి. ఎవరో ఓ అట్ట చేతికిచ్చారు, పట్టుకున్నాను. దాని మీద ఎవరిదో పేరు, ఊరు, ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నారో ఆ అంకె. ఆ పేరు నాకు పలకడం రాలేదు. రెండు గంటలు పట్టుకున్నాను, వేళ్ళు కొయ్యబారిపోయాయి.

తర్వాత ఉద్యోగమొచ్చి వర్జీనియాకి మారాను. తలుపు నిజంగానే తెరుచుకుంది. 1990 ఒక్క ఏడాదిలోనే ఇజ్రాయెల్‌కి లక్షా ఎనభై వేల మందికి పైగా వెళ్ళారు. పదహారో వీధి పావుగంట 1991 జనవరిలో ఆపేశారు, ఇక అవసరం లేదని. ఇరవై ఏళ్ళు!

లెనిన్‌గ్రాడ్ ఇంజనీరు కుటుంబం 1989లోనే వచ్చేసింది. వియన్నా, తర్వాత రోమ్ దగ్గర సముద్రపొడ్డున లాదిస్పోలీలో కొన్ని నెలలు, తర్వాత సిల్వర్ స్ప్రింగ్. సొంత ఇల్లు చూసుకునేదాకా నా పాత బేస్‌మెంట్‌లోనే దిగారు. ఓ ఆదివారం ఆవిడ నన్ను భోజనానికి పిలిచారు. నేను ఫైల్లో చదివిన మనిషి వంటగదిలో ఉల్లిపాయలు కోస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా, ముందు పళ్ళు రెండు వెండివి. ఇండియా అనగానే, చేతిలో కత్తితోనే, రాజ్ కపూర్ పాట అందుకున్నాడు.

నా దగ్గర ఇంకా ఓ మాస్కో పుస్తకం ఉండేది. మీర్ పబ్లిషర్స్ వాళ్ళ ఫిజిక్స్ లెక్కల పుస్తకం, ఇంటర్లో నాన్న విజయవాడలో కొన్నది. వరంగల్ దాకా, అమెరికా దాకా మోసుకొచ్చాను. చూస్తే సరదా పడతాడని ఆ రోజు పట్టుకెళ్ళాను. ఆయన చేతులు తుడుచుకుని అందుకున్నాడు. ముందు అట్ట చూశాడు, తర్వాత వెనక్కి తిప్పి ధర చూశాడు. రూపాయల్లో ఉంది. “మీకు ఇంత తక్కువకి అమ్మారా?” అన్నాడు. రష్యన్‌లో ఇదే తనూ చేశాడట. పుస్తకాలన్నీ అక్కడే వదిలేసి వచ్చాడు, మోసుకురావడం కుదరలేదు. బాయిలర్ గదిలో రాత్రుళ్ళు నిద్ర పట్టకుండా ఉండడానికి లెక్కలు చేసేవాడట, మంట వెలుగులో. నేను ఎప్పుడో పెన్సిల్‌తో గీతలు గీసి, ప్రశ్నార్థకం పెట్టి వదిలేసిన లెక్క ఒకటి కనిపించింది. మడత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కరెంటు బిల్లు వెనక నాలుగు లైన్లు గీశాడు. ఉల్లిపాయలు మాడిపోయాయి. లెక్క తేలిపోయింది.

ఆ రోజుల్లో నాన్న ఆదివారం పొద్దున తెనాలి స్టేషన్ రోడ్డులో ఓ ఎస్టీడీ బూత్‌లో కూర్చుంటే నేను ఫోన్ చేసేవాణ్ణి. బయట నుంచి వచ్చే కాల్‌కి బూత్ అతనికి రెండు రూపాయలివ్వాలి. ఆ వాషింగ్టన్ సభకి వెళ్ళానని నాన్నకి ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆ వారం మాత్రం ఈ ఇంజనీరు సంగతి చెప్పాను. ఆయన కొన్న పుస్తకమే కాబట్టి.

“ఏ లెక్క?” అన్నారు.

చెప్పాను. ఆయనది లెక్కలే, అర్థమైంది.

“ఎంతసేపట్లో చేశాడు?”

“పావుగంట కూడా పట్టలేదు నాన్నా.”

అటువైపు ఏదో లారీ వెళ్తున్న చప్పుడు. చాలాసేపు మాట్లాడలేదు. నిమిషానికి ఇంతని నా వైపు డాలర్లు పోతున్నాయి, నేనూ మాట్లాడలేదు.

“అంత తెలివిగలవాణ్ణి,” అన్నారు నాన్న, “అన్నేళ్ళు బాయిలర్ దగ్గర ఎందుకు కూర్చోబెట్టార్రా?”